కూషీయుడు తెచ్చిన పాత బట్టలు

యెరూషలేము ముట్టడిలో ఉంది. బబులోను సైన్యం పట్టణాన్ని చుట్టుముట్టింది, లోపల రొట్టె నిండుకుంటోంది. ఆ రోజుల్లోనే యిర్మీయా ప్రవక్తను గిట్టనివాళ్లు తాళ్లతో ఒక గోతిలోకి దించేశారు. అందులో నీళ్లు లేవు, బురదే ఉంది. ప్రవక్త ఆ బురదలో దిగబడిపోయాడు. పట్టణంలో అధిపతులున్నారు, యాజకులున్నారు, ప్రవక్తలమని చెప్పుకునేవాళ్లకైతే కొదవే లేదు. ఒక్కరికైనా చీమ కుట్టినట్టు లేదు. కదిలినవాడు రాజనగరులో కొలువు చేసుకునే ఒక పరదేశి, కూషు దేశస్థుడైన ఎబెద్మెలెకు. ఆయన తిన్నగా బెన్యామీను ద్వారం దగ్గర కూర్చుని ఉన్న సిద్కియా రాజు దగ్గరికెళ్లాడు. వీళ్లు చేసిన పని అన్యాయమని, ఆ మనిషి అక్కడే ఆకలితో చచ్చిపోతాడని ముఖం మీదే చెప్పాడు. అనుమతి సంపాదించాడు, ముప్పై మందిని వెంటబెట్టుకున్నాడు. అయితే నేరుగా గోతి దగ్గరికి పరుగెత్తలేదు. ముందు ఖజానా కింది గదిలోకి వెళ్లి చిరిగిన, నలిగిన పాత బట్టలు ఏరి తెచ్చాడు. తాళ్లు ఒరుసుకుని ఒళ్లు చీరుకుపోకుండా వాటిని చంకల కింద పెట్టుకోమని ప్రవక్తకు చెప్పి, అప్పుడు పైకి లాగించాడు (యిర్మీయా 38:7-13).

ఆదివారపు ప్రసంగాల్లో ఈ పాత బట్టల ప్రస్తావన అరుదు. అవి లేకపోయినా ప్రవక్త బయటపడేవాడే. కానీ సాయం చేయడం వేరు, సాయం పొందేవాడి చంకల గురించి ఆలోచించడం వేరు. ఆ రెండో పని చేసిన మనిషిది ఏ దేశమో తెలిస్తే ఈ కథ మనకు ఇంకాస్త దగ్గరవుతుంది. బైబిల్లోని కూషు ఐగుప్తుకు దక్షిణాన నైలు నది వెంబడి ఉన్న దేశం. అందులో చాలా భాగం నేటి సూడాన్. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో రథమెక్కి గాజా దారిలో వెళ్తూ యెషయా గ్రంథం చదువుకున్న మంత్రి గుర్తున్నాడు కదా! కందాకే రాణి కొలువులో ఉన్న ఆయనను మన బైబిలు ఐతియొపీయుడంటుంది గానీ, కందాకేలు ఏలిన మెరోయె నగరం ఉన్నది నేటి ఇథియోపియాలో కాదు, సూడాన్‌లోనే. అక్కడి పిరమిడ్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఆరో శతాబ్దం నుంచి కొన్ని వందల ఏళ్లపాటు ఆ నేల మీద క్రైస్తవ రాజ్యాలు వర్ధిల్లాయి. వాటి జ్ఞాపకాలను దాచిన ఖార్టూమ్ జాతీయ మ్యూజియం కూడా ఈ యుద్ధంలో దోపిడీకి గురైంది.

ఇద్దరు సేనానుల పోరు ఇది. ఒకరు సైన్యాధిపతి అబ్దెల్ ఫతా అల్ బుర్హాన్. మరొకరు ఆర్.ఎస్.ఎఫ్. అనే సాయుధ దళానికి నాయకుడు మహమ్మద్ హమ్దాన్ దగాలో, జనం నోట హెమెద్తీ. 2019లో ప్రజలు వీధుల్లోకొచ్చి నియంత బషీర్‌ను దించుకుంటే, 2021లో ఈ ఇద్దరూ చేతులు కలిపి పౌర ప్రభుత్వాన్ని కూలదోశారు. ఆ తర్వాత పంపకాల దగ్గర చెడింది. 2023 ఏప్రిల్ 15న రాజధాని ఖార్టూమ్ నడిబొడ్డున తుపాకులు పేలాయి. అప్పట్లో మన ప్రభుత్వం ఆపరేషన్ కావేరి పేరుతో దాదాపు 3,800 మంది భారతీయులను వెనక్కి తెచ్చింది. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. మనవాళ్లు క్షేమంగా ఇల్లు చేరారు, మనం దేవునికి స్తోత్రం చెల్లించాం, పత్రికలు ఆ వార్తను మడిచి పక్కన పెట్టాయి. తిరిగొచ్చే విమానం లేనివాళ్లు అక్కడే ఉండిపోయారు.

వాళ్లెంతమంది? దాదాపు 5 కోట్ల జనాభా గల ఆ దేశంలో 2025 ఆరంభానికి సొంత దేశంలోనే ఇల్లూ వాకిలీ వదిలి తిరుగుతున్నవారు కోటీ పది లక్షలకు పైగా లెక్కతేలారు. సరిహద్దులు దాటి చాద్, ఈజిప్టు, దక్షిణ సూడాన్ వంటి దేశాలకు వెళ్లినవారు వేరే. ప్రపంచంలో ఇంతమంది నిర్వాసితులైన సంక్షోభం ఆనాటికి మరొకటి లేదు.

ఇక్కడొక చిక్కుంది. హద్దు దాటినవాడిని ప్రపంచం శరణార్థి అంటుంది. అతనికి 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం అండగా ఉంటుంది. హద్దు దాటలేక దేశంలోనే ఊరి నుంచి ఊరికి పారిపోయినవాడికి అలాంటి ఒప్పందం లేదు. అతని బాధ్యత అతని ప్రభుత్వానిదే. ఆ ప్రభుత్వమే యుద్ధంలో ఒక పక్షమైతే? ఎవరి బాంబులకు జడిసి పరుగెత్తాడో వాళ్ల దగ్గరే గోధుమపిండికి చెయ్యి చాపాలన్నమాట. ఈ అన్యాయాన్ని ప్రపంచం ముందు పెట్టినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సిస్ డెంగ్. 1992 నుంచి 2004 వరకు ఈ నిర్వాసితుల విషయంలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ప్రతినిధిగా ఉన్న ఈయన సొంత నేల కూడా సూడానే! ఆయన సారథ్యంలో 1998లో 30 మార్గదర్శక సూత్రాలు తయారయ్యాయి. నిర్వాసితులకు సాయమందించే మొదటి బాధ్యత ఆ దేశ ప్రభుత్వానిదేనని, చేతగానప్పుడు బయటివారి సాయాన్ని కారణం లేకుండా అడ్డుకోకూడదని అవి చెబుతాయి. అవి చట్టం కావు, సూత్రాలు. కాబట్టి అడ్డుకునేవాళ్లు అడ్డుకుంటూనే ఉన్నారు.

ఎలా అడ్డుకుంటారో చూడండి. డార్ఫుర్ పడమటన చాద్ దేశంలో ఆద్రే అనే సరిహద్దు ఊరుంది. ఆకలి కేకలు వినబడే ప్రాంతానికి దగ్గరి దారి అదే. ఆయుధాలు వస్తున్నాయంటూ 2024 ఫిబ్రవరిలో సైనిక ప్రభుత్వం ఆ దారిని మూసేసింది. ఆగస్టు మధ్యలో గానీ మళ్లీ తెరవలేదు. అదే ఆగస్టు మొదటి రోజున ఎల్ ఫాషర్ నగరం పక్కనున్న జమ్‌జమ్ నిర్వాసితుల శిబిరంలో కరువు నెలకొన్నదని నిపుణుల సంఘం నిర్ధారించింది. లక్షలాది మంది తలదాచుకున్న శిబిరమది. కరువు అనే మాటను వాళ్లు మనలా అలవోకగా వాడరు. ఆకలి చావులు, పిల్లల్లో పౌష్టికాహార లోపం ఇంతకు మించాలని కొలతలున్నాయి. అంటే, కొలిచేటప్పటికే సమాధులు తవ్వి ఉంటాయి.

దారి తెరిచాక? అవతలివైపు ఆర్.ఎస్.ఎఫ్. కాపలాలు. ఒక లారీ కదలాలంటే పోర్ట్ సూడాన్‌లో ఒక కార్యాలయం, దళాల ఏలుబడిలోని ప్రాంతంలో ఇంకో కార్యాలయం సంతకాలు పెట్టాల్సి వచ్చేది. 2025 జూన్ మొదట్లో ఐక్యరాజ్యసమితి ఆహార లారీలు 15, పోర్ట్ సూడాన్ నుంచి 1,800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఎల్ ఫాషర్ దరిదాపుల్లోని అల్ కూమా చేరాయి. నడిరోడ్డు మీద అనుమతి కోసం ఆగి ఉండగా రాత్రివేళ వాటిపై దాడి జరిగింది. ఐదుగురు చనిపోయారు, లారీలు కాలిపోయాయి. నువ్వంటే నువ్వని ఇరుపక్షాలూ వేలెత్తి చూపుకున్నాయి. సిద్కియా బలహీనుడే కావచ్చు, పిరికివాడే కావచ్చు, కనీసం ఎబెద్మెలెకు అడగ్గానే ముప్పై మందినిచ్చి పంపాడు!

ఎల్ ఫాషర్ ముట్టడి 2024 వేసవిలో మొదలైంది. 2025 మే నుంచి ఆర్.ఎస్.ఎఫ్. నగరం చుట్టూ మట్టికట్ట పోసుకుంటూ వచ్చింది. ఆగస్టుకల్లా అది 30 కిలోమీటర్లు దాటిందని ఉపగ్రహ చిత్రాలు చూసినవారు చెప్పారు. లోపలికి గింజ పోకూడదు, బయటికి మనిషి రాకూడదు. యిర్మీయా గ్రంథం చదివినవారికి ఇది కొత్త కథ కాదు. నగరంలో జనం చివరికి అంబాజ్ తిన్నారు. అంబాజ్ అంటే గానుగ ఆడాక మిగిలే వేరుశనగ చెక్క, మనం పాడి గేదెల తొట్టిలో నానబెడతామే, అదే. తర్వాత అదీ దొరకలేదు.

అలాంటి చోట ఎవరు వండిపెట్టారు? పెద్ద సంస్థల ఉద్యోగులు చాలామంది యుద్ధం మొదలైన వారాల్లోనే దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. వారిని మేము తప్పుపట్టడం లేదు. మిగిలింది పేటల్లోని కుర్రాళ్లు, ఆడపడుచులు, టీచర్లు, డాక్టర్లు. 2019 ఉద్యమంలో వీధి వీధికీ ఏర్పడిన కమిటీల అనుభవంతో వాళ్లు అత్యవసర సహాయ గదులనే పేరుతో కూడుకున్నారు. అక్కడ నఫీర్ అనే పాత ఆచారం ఉంది. ఒకరి నాట్లకు ఊరంతా బదులు వెళ్లినట్టు, కష్టమొస్తే పిలుపందుకుని అందరూ కలిసి చేసే పని. ఆ పిలుపే వీళ్ల పెట్టుబడి. వీధి మలుపులో పొయ్యి పెట్టి, పెద్ద డేగిశాలో పప్పో చిక్కుడు గింజలో, మన జొన్న సంకటిలాంటి అసీదానో వండి, గిన్నెలు పట్టుకొచ్చిన వారందరికీ పోశారు. ఈ వంటశాలలను వాళ్లు తకాయా అంటారు. విదేశాల్లో ఉన్న సూడానీయులు, కొన్ని సహాయ సంస్థలు పంపిన డబ్బు బంకక్ అనే మొబైల్ యాప్ ద్వారా వీళ్లకు చేరేది. ఫోను సిగ్నల్ పోతే ఆ రోజు వంట లేదు.

యిర్మీయా 37వ అధ్యాయం చివరి వచనంలో ఒక చిన్న వివరం ఉంది. చెరలో ఉన్న ప్రవక్తకు రొట్టెలు కాల్చేవారి వీధి నుంచి రోజుకొక రొట్టె ఇచ్చేవారట, పట్టణంలో రొట్టెలున్నంత కాలం. తకాయాల గురించి చదివినప్పుడల్లా మాకు ఆ వీధే గుర్తుకొస్తుంది.

2025 జనవరిలో అమెరికా కొత్త ప్రభుత్వం విదేశీ సాయాన్ని ఉన్నపళంగా నిలిపేసింది. సూడాన్ వంటశాలల్లో ఐదింట నాలుగు, అంటే సుమారు 1,100 పొయ్యిలు కొద్ది వారాల్లోనే ఆరిపోయాయి. వాషింగ్టన్‌లో ఒక సంతకం, ఖార్టూమ్‌లో ఒక ఖాళీ గిన్నె. మిగతా దేశాలేమైనా ఆ లోటు పూడ్చాయా అంటే అదీ లేదు. ఆ ఏడాది సూడాన్‌కు 420 కోట్ల డాలర్లు కావాలని ఐక్యరాజ్యసమితి అడిగితే ఏడాది ముగిసేసరికి సగం కూడా అందలేదు. సాయం అవసరమైనవారు మాత్రం మూడు కోట్ల పైమాటే.

ఈ వంటశాలలు నడిపేవారిలో అత్యధికులు ముస్లిం యువతీ యువకులు. మేము ఈ మాట మా సంఘంలో చెప్పినప్పుడు కొందరి ముఖాల్లో కాస్త ఇబ్బంది కనబడింది. అక్కడ చర్చిలు ధ్వంసమయ్యాయి కదా అయ్యగారూ, వాళ్ల గురించి చెప్పండి అన్నారు ఒక పెద్దాయన. నిజమే, ఖార్టూములోనూ ఒమ్‌దుర్మాన్‌లోనూ చర్చిలపై దాడులు జరిగాయి. వాటి కోసమూ ప్రార్థిస్తున్నాం. మసీదులూ కూలాయి. నూబా పర్వతాల్లో ఎల్ ఒబెయిద్ కాథలిక్ మేత్రాసనం 2008లో తెరిచిన మదర్ ఆఫ్ మెర్సీ ఆసుపత్రి ఉంది. టామ్ కటేనా అనే అమెరికన్ డాక్టరు మొదటినుంచీ అక్కడే ఉండి, బాంబుల మధ్య కూడా ఆపరేషన్లు చేశారు. గాయపడినవాడు ఏ మతం వాడని ఆ ఆసుపత్రి అడగదు. అదే విధంగా గరిటె పట్టుకున్న ఆ ముస్లిం కుర్రాడూ గిన్నె పట్టుకొచ్చినవాడిని అడగలేదు. యేసుప్రభువు మంచి సమరయుని కథ చెప్పినప్పుడు విన్న ధర్మశాస్త్రోపదేశకుడికి సమరయుడనే మాట నోట పలకడం కూడా కష్టమైంది. జాలి చూపినవాడేనని చుట్టు తిప్పి జవాబిచ్చాడు (లూకా 10:37). మన నోటికీ అంత కష్టమా?

సాయం ముసుగులో మతం అమ్మడాన్ని మేము ఒప్పుకోం. బియ్యం సంచిలో కరపత్రం పెట్టి, ముందు కూటానికి వస్తేనే సంచి అనే పద్ధతి తెలుగునాట కొన్నిచోట్ల కనిపించిన మాట దాచిపెట్టడం ఎందుకు? 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి రాసుకున్న ప్రవర్తనా నియమావళి దీన్ని స్పష్టంగా వద్దంటుంది. అవసరాన్ని బట్టే సాయం, దాన్ని ఏ రాజకీయ, మత ప్రయోజనానికీ వాడరాదు. దాని వెనుక నిలిచిన సంస్థల్లో కాథలిక్ కారిటాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, చర్చిల ప్రపంచ మండలి కూడా ఉన్నాయి. ఎబెద్మెలెకు ప్రవక్తను గోతిలో ఉంచి బేరమాడలేదు.

పాత బట్టల సంగతికి మళ్లీ వద్దాం. 2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దారుల పక్కన పాత బట్టలు గుట్టలు గుట్టలుగా పడి ఉండటం చాలామంది చూశారు. ప్రేమతో పంపినవే. చిరిగినవి, మాసినవి, జాలరి కుటుంబాలు ఎన్నడూ కట్టనివి. ఇంట్లో అడ్డం తీర్చుకోవడానికి ఇచ్చినవి కూడా అందులో ఉంటాయి, మనకు తెలియదా! ఎబెద్మెలెకు తెచ్చినవీ చింకి పాతలే. తేడా ఎక్కడంటే, ఆయన ముందు గోతిలోని మనిషి ఒళ్లు తలచుకున్నాడు, తర్వాత గదిలోకి వెళ్లాడు. సూడాన్ వంటశాలలకు మన చీరలు అక్కర్లేదు. పక్క పట్టణపు బజారులో గింజలు దొరికే చోట డబ్బే కావాలి, బజారే లేని చోట లారీ కావాలి. ఏది ఎక్కడ కావాలో అక్కడున్నవాళ్లకు తెలుసు.

డబ్బు విషయంలో పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో 2 కొరింథీయులకు 8వ అధ్యాయం చదివితే తెలుస్తుంది. యెరూషలేము పేదల కోసం సంఘాల్లో పోగుచేసిన కానుకను ఆయన ఒంటరిగా మోసుకెళ్లలేదు. సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంటబెట్టుకున్నాడు. దేవుని ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా లెక్క సరిగా ఉండాలనుకున్నాడు. అపొస్తలుడంతటివాడే లెక్క చూపించాలనుకుంటే మనమెంత? మన సంఘాల కానుకలను నేరుగా పరాయి దేశానికి పంపడానికి చట్టం దారి ఇరుకుగా ఉంది. అడ్డదారులు వద్దు. ఐక్యరాజ్యసమితి సంస్థలు, పేరున్న సహాయ సంస్థల ద్వారా వ్యక్తులుగా ఇవ్వదలచినవారు నియమాలు తెలుసుకుని ఇవ్వవచ్చు. రసీదు అడగండి. అడిగితే అవిశ్వాసమని ఎవరైనా అంటే వాళ్లకు ఆ 8వ అధ్యాయమే చూపించండి.

ఇంతలో మన గుమ్మం ముందు కూడా ఒకసారి చూసుకోవాలి. 2005లో దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుం మొదలయ్యాక ఇటు మావోయిస్టులకు, అటు తుపాకులిచ్చిన దళాలకు మధ్య నలిగి వేలాది గుత్తికోయ కుటుంబాలు అడవుల వెంట నడిచి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వచ్చాయి. సల్వాజుడుం పద్ధతిని 2011లో సుప్రీంకోర్టు తప్పుబట్టింది. నడిచొచ్చినవాళ్లలో చాలామంది మాత్రం ఇక్కడే మిగిలారు. భద్రాచలం, ములుగు అడవుల్లో వాళ్ల గుడిసెలున్నాయి. అక్కడ గిరిజనులు, ఇక్కడికొచ్చాక ఆ గుర్తింపు లేదు. పోడు చేస్తే అటవీశాఖతో తగవు, బావి కోసం అర్జీ పెడితే మీ ఊరేదని ప్రశ్న. ఛత్తీస్‌గఢ్ నుంచి తెలంగాణకు రావడం దేశం దాటడం కాదు కాబట్టి వాళ్లు శరణార్థులూ కారు. ఫ్రాన్సిస్ డెంగ్ ఎవరి కోసం 30 సూత్రాలు రాయించారో వాళ్లు మన బస్సు వెళ్లే దూరంలోనే ఉన్నారన్నమాట. భద్రాచలం చుట్టుపక్కల సంఘాలు కొన్ని వారికి బడి, మందులు అందిస్తున్నాయి. మిగిలిన మనం వారి పేరు కూడా సరిగా పలకడం నేర్చుకోలేదు.

సూడాన్ గురించి ఆ తర్వాతి సంగతులు చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో ఆర్.ఎస్.ఎఫ్. జమ్‌జమ్ శిబిరంపై పడింది. వందలమంది చనిపోయారు. శిబిరంలో మిగిలి ఉన్న ఒకే ఒక్క వైద్యకేంద్రం సిబ్బంది తొమ్మిది మంది కూడా హతులయ్యారు. నాలుగు లక్షల మంది మళ్లీ మూట కట్టుకున్నారు. వారిలో అనేకులు ఇరవై ఏళ్ల కిందటి డార్ఫుర్ మారణకాండప్పుడు ఒకసారి ఇల్లు విడిచినవాళ్లే. అక్టోబరు 26న ఎల్ ఫాషర్ కూడా పడిపోయింది. ప్రసూతి ఆసుపత్రిలో 460 మందికి పైగా చంపబడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మరోవైపు ఆ ఏడాది మార్చిలో ఖార్టూమ్ సైన్యం చేతికి తిరిగి రావడంతో, కొన్ని నెలల్లోనే దాదాపు పది లక్షల మంది కరెంటూ నీళ్లూ లేని తమ ఇళ్లు వెతుక్కుంటూ వెనక్కి బయలుదేరారు. వారికీ సాయం కావాలి. ఇల్లు చేరినంత మాత్రాన ఆకలి తీరదు.

సహాయ గదుల యువతకు 2025లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం ఇచ్చారు. ప్రత్యామ్నాయ నోబెల్ అని దానికి పేరు. అప్పటికే వారిలో ఎందరో ఇరుపక్షాల చెరల్లోనూ మగ్గారు, కొందరు పొయ్యి దగ్గరే ప్రాణాలు విడిచారు. శత్రువుకు కూడా అన్నం పెట్టారన్నదే నేరం.

యెరూషలేము కూలిన రోజున ఎబెద్మెలెకు ఏమయ్యాడు? పట్టణం పడిపోయేముందే దేవుడు యిర్మీయా ద్వారా అతనికి ప్రత్యేకంగా ఒక కబురు పంపాడు. కత్తికి కూలిపోవని, ప్రాణం దక్కుతుందని ఆ కబురు సారాంశం (యిర్మీయా 39:15-18). ఆ తర్వాత అతను ఎటు వెళ్లాడో బైబిలు చెప్పదు. బహుశా అతనూ ఒక మూట నెత్తిన పెట్టుకుని, కాలిన పట్టణపు గుంపులో ఒకడై నడిచి ఉంటాడు.

ఎల్ ఫాషర్ నుంచి పడమటికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో తవీలా అనే చిన్న ఊరుంది. ఇరుపక్షాలకూ చెందని ఒక తిరుగుబాటు దళం కింద ఉన్నందున ప్రాణాలు దక్కినవారు అక్కడికి నడిచారు, ఎక్కువగా రాత్రిళ్లు. ఊరు కాస్తా లక్షల మంది శిబిరమైంది. గడ్డితో, గోనెపట్టాలతో గుడిసెలు లేచాయి. తప్పించుకొచ్చినవారిలో తకాయాలు నడిపినవారూ ఉన్నారు. పోయిన పాత్రలకు బదులు ఇంకో డేగిశా సంపాదించి, మూడు రాళ్లు పెట్టి, వాళ్లు మళ్లీ వంట మొదలుపెట్టారు.